న్యూజిలాండ్‌లో క్రీడా క్లబ్బు నియమావళిని కొత్త చట్టానికి తగ్గట్టు తిరగరాసుకునే విధానం

న్యూజిలాండ్‌లో రిజిస్టరైన క్రీడా క్లబ్బులు, సాంస్కృతిక సంఘాలు శతాబ్దానికి పైగా 1908 నాటి చట్టం నీడలో నడిచాయి. దాని స్థానంలో వచ్చిన ఇన్‌కార్పొరేటెడ్ సొసైటీస్ యాక్ట్ 2022, 2023 అక్టోబరు 5 నుంచి అమలులోకి వచ్చింది. పాత చట్టం కింద ఉన్న ప్రతి సంఘమూ కొత్త నియమావళిని ఆమోదించుకుని మళ్లీ నమోదు చేసుకోవడానికి 2026 ఏప్రిల్ 5 వరకు గడువు పెట్టారు. గడువులోగా నమోదు కాని పాత సంఘానికి చట్టరీత్యా ఉనికి పోతుంది. బ్యాంకు ఖాతా, మైదానం లీజు, కిట్లు అన్నీ ఎవరి పేరున ఉన్నట్టు అన్న ప్రశ్న అప్పుడు తలెత్తుతుంది. కొత్తగా నమోదు కోరే క్లబ్బుకైనా, నమోదయ్యాక సవరణ చేసుకునే క్లబ్బుకైనా నియమావళి విషయంలో చట్టం పెట్టే షరతులు ఒకటే కాబట్టి, అక్కడి క్లబ్బుల కార్యవర్గాల్లో ఉన్న తెలుగువారి కోసం ఈ పని వరుసను వివరిస్తున్నాను.

ముందుగా మీ ప్రస్తుత నియమావళిని, సంఘాలను నమోదు చేసే ప్రభుత్వ కార్యాలయమైన కంపెనీస్ ఆఫీస్ రిజిస్టర్ నుంచి దింపుకోండి. కార్యదర్శి కంప్యూటర్‌లో ఉన్న ప్రతి, రిజిస్టర్‌లో ఉన్న ప్రతి ఒకటే కాకపోవచ్చు. చట్టానికి లెక్క రిజిస్టర్‌లో ఉన్నదే. ముగ్గురు నలుగురు కూర్చుని దానిని మొదటి నుంచి చివరి వరకు పైకి చదవండి. ప్రతి నిబంధన దగ్గరా ఆగి, ఇది చట్టం అడుగుతున్నదా, మనం నిజంగా పాటిస్తున్నదా అని చూసుకోండి. కంపెనీస్ ఆఫీస్ వారి ఆన్‌లైన్ సాధనంలోనూ, ప్రభుత్వ క్రీడా సంస్థ స్పోర్ట్ న్యూజిలాండ్ వద్దనూ నమూనా నియమావళులు దొరుకుతాయి. అవి చాలా ఉపయోగకరమైనవే. కానీ ఖాళీలు నింపి యథాతథంగా ఆమోదించుకున్న క్లబ్బు, మొదటి తగాదా వచ్చిన రోజున తనది కాని నియమాలకు కట్టుబడవలసి వస్తుంది. కాబట్టి నమూనాను పక్కన పెట్టుకుని, మీ క్లబ్బు నడిచే తీరును బట్టి రాసుకోవాలని నా గట్టి సలహా.

సభ్యత్వం విషయంలో కొత్త చట్టం స్పష్టంగా అడిగేది సమ్మతి. ఎవరైనా సభ్యులు కావాలంటే వారు అందుకు ఒప్పుకుని ఉండాలి, ఆ సమ్మతి ఎలా తీసుకుంటారో నియమావళిలో ఉండాలి. రుసుము కట్టినంత మాత్రాన, వాట్సాప్ గ్రూపులో చేర్చినంత మాత్రాన సభ్యులైపోతారని అనుకోవద్దు. సీజన్ మొదట్లో నింపించుకునే ఫారంలోనే "ఈ క్లబ్బులో సభ్యునిగా ఉండటానికి, దాని నియమావళికి కట్టుబడటానికి సమ్మతిస్తున్నాను" అన్న వాక్యం, కింద సంతకం, తేదీ ఉంటే సరిపోతుంది. పేరు, సంప్రదించే వివరాలు, సభ్యత్వం మొదలైన తేదీ ఉన్న పట్టికను ఎప్పటికప్పుడు సరిచూసుకోవాలి. పాత చట్టంలో కనీసం 15 మంది సభ్యులు కావలసి ఉండగా, ఇప్పుడు 10 మంది చాలు, అయితే ఆ సంఖ్య ఎప్పుడూ తగ్గకూడదు. పిల్లలు ఆడే క్లబ్బయితే ఓటు హక్కు ఏ వయసు నుంచి అన్నది కూడా ఇక్కడే తేల్చి రాయండి.

కార్యవర్గంలో కనీసం ముగ్గురు ఉండాలి, వారిలో ఎక్కువమంది క్లబ్బు సభ్యులై ఉండాలి. ఎన్నిక, పదవీకాలం, తొలగింపు, అధ్యక్షుని ఎంపిక, ఓట్లు సమానమైతే అధ్యక్షునికి నిర్ణాయక ఓటు ఉంటుందా లేదా అన్నవన్నీ రాతపూర్వకంగా ఉండాలి. చట్టం దృష్టిలో అధికారులంటే కార్యవర్గ సభ్యులతో పాటు క్లబ్బు నిర్వహణపై గణనీయమైన ప్రభావం చూపగల స్థానంలో ఉన్నవారు కూడా. వారికి 16 ఏళ్లు నిండి ఉండాలి. దివాలా నుంచి విముక్తి పొందనివారు అనర్హులు. ప్రతి ఒక్కరూ తమ సమ్మతిని, అర్హతను రాతపూర్వకంగా ధ్రువీకరించాలి. రిజిస్ట్రార్ సంప్రదించడానికి ఒకరి నుంచి ముగ్గురి వరకు వ్యక్తులను ఎలా నియమిస్తారో కూడా చెప్పాలి.

స్వప్రయోజనం ముడిపడిన సందర్భాలను తేలికగా తీసుకోవద్దు. మన క్లబ్బుల్లో ఇది తరచూ జరిగేదే: జెర్సీలు ముద్రించే దుకాణం కార్యవర్గ సభ్యుడిదే అవుతుంది, నిజంగానే తక్కువ ధరకే ఇస్తాడు. అందులో తప్పేమీ లేదు. అయితే ఆయన ఆ సంగతిని కార్యవర్గానికి తెలియజేయాలి, దానిని ఇలాంటి ప్రయోజనాల కోసం క్లబ్బు ఉంచుకునే రిజిస్టర్‌లో నమోదు చేయాలి, సాధారణంగా ఆ కొనుగోలుపై ఓటింగుకు ఆయన దూరంగా ఉండాలి. ఈ పద్ధతి ముందే రాసి ఉంటే మంచి మనసుతో సాయం చేసిన మనిషి మీద అనవసరపు మాట పడదు.

ఇక అన్నింటికంటే ఎక్కువ సమయం ఇవ్వవలసింది వివాదాల పరిష్కార విధానానికి. పాత నియమావళుల్లో చాలావాటిలో "కార్యవర్గ నిర్ణయమే అంతిమం" అన్న ఒక్క వాక్యం తప్ప మరేమీ ఉండదు. కొత్త చట్టం ప్రకారం ఫిర్యాదు ఎలా చేయాలో చెప్పే విధానం నియమావళిలో ఉండి తీరాలి, అది సహజ న్యాయసూత్రాలకు అనుగుణంగా ఉండాలి. చట్టంలోని రెండవ షెడ్యూలులో సిద్ధంగా ఒక విధానం ఉంది. దానిని స్వీకరిస్తే ఈ షరతు నెరవేరినట్టే. ఒక ఉదాహరణ తీసుకోండి. ఫైనల్ మ్యాచ్‌కు తనను తీసుకోకపోవడం అన్యాయమని ఒక ఆటగాడు రాసి ఇచ్చాడు, జట్టును ఎంపిక చేసిన కెప్టెన్ అన్నగారు కార్యవర్గంలో ఉన్నారు. ఆరోపణ ఏమిటో కెప్టెన్‌కు ముందుగా తెలియాలి, ఇద్దరికీ తమ మాట చెప్పుకునే అవకాశం దక్కాలి, అన్నగారు ఆ నిర్ణయంలో పాలుపంచుకోకూడదు. అందరూ ఒకరికొకరు బంధువులో, ఒకే ఊరివాళ్లో అయిన చిన్న క్లబ్బులో నిష్పక్షపాతంగా తేల్చే మనుషులు మిగలకపోవచ్చు. అందుకే ఫిర్యాదును ఉపసంఘానికో, బయటి వ్యక్తికో అప్పగించే వీలును నిబంధనలోనే ఉంచండి. మరీ స్వల్పమైన ఫిర్యాదును విచారణకు తీసుకోకుండా ఉండే అధికారాన్ని కూడా ఆ షెడ్యూలు ఇస్తుంది; దానిని చేర్చుకోవడం మంచిదే, వాడేటప్పుడు మాత్రం కారణం రాసి ఉంచాలి.

డబ్బు విషయంలో క్లబ్బు సభ్యుల సొంత ఆర్థిక లాభం కోసం నడవకూడదన్నది చట్టం మూలసూత్రం. చేసిన ఖర్చు తిరిగి ఇవ్వడం, చేసిన పనికి సహేతుకమైన ప్రతిఫలం ఇవ్వడం ఇందుకు విరుద్ధం కావు. క్లబ్బు మూతపడితే మిగిలిన ఆస్తిని సభ్యులు పంచుకోవచ్చన్న వాక్యం మీ పాత ప్రతిలో ఉంటే దానిని తప్పక తీసేయాలి. ఆ ఆస్తి లాభాపేక్ష లేని ఏ సంస్థకు, లేదా ఏ కోవకు చెందిన సంస్థకు వెళ్లాలో పేర్కొనాలి. ఔత్సాహిక క్రీడలను ప్రోత్సహించే సంస్థగా ఆదాయపు పన్ను మినహాయింపు పొందుతున్న క్లబ్బుకు ఈ నిబంధన మరింత ముఖ్యం. ఖాతా ఎవరి సంతకాలతో నడుస్తుంది, ఎంత మొత్తం దాటితే కార్యవర్గ ఆమోదం కావాలి అన్నవి కూడా ఈ భాగంలోనే రాసుకోవచ్చు.

వార్షిక సర్వసభ్య సమావేశం లెక్కల సంవత్సరం ముగిసిన 6 నెలల్లోపు జరగాలి, రెండు సమావేశాల మధ్య 15 నెలలకు మించి వ్యవధి ఉండకూడదు. నోటీసు గడువు, కోరం, ఆన్‌లైన్‌లోనో ప్రాక్సీ ద్వారానో ఓటు వేయవచ్చా అన్నవి స్పష్టం చేయండి. కోరం సంఖ్యను సభ్యుల ఉత్సాహాన్ని బట్టి కాక, గత సమావేశాల హాజరు పుస్తకం చూసి నిర్ణయించండి.

ముసాయిదా సిద్ధమయ్యాక దానిని ఆమోదించే సమావేశం మాత్రం పాత నియమావళి ప్రకారమే జరగాలన్నది మరిచిపోవద్దు. అది 14 రోజుల నోటీసు, మూడింట రెండు వంతుల ఓట్లు కోరితే అవే పాటించాలి. నోటీసుతో పాటు పాత, కొత్త నిబంధనలను పక్కపక్కన చూపే పట్టికను పంపండి; తెలుగులో ఒక పుట వివరణ జతచేస్తే పెద్దవాళ్లు కూడా తెలిసి ఓటు వేస్తారు. మినిట్స్‌లో తీర్మానం పూర్తి పాఠం, అనుకూల వ్యతిరేక ఓట్ల సంఖ్య రాయాలి. దరఖాస్తును రిజిస్ట్రార్‌కు ఆన్‌లైన్‌లో, రియల్‌మీ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ లాగిన్ ద్వారా సమర్పించాలి. నమోదయ్యాక కొత్త ప్రతిని బ్యాంకుకు, మీరు అనుబంధంగా ఉన్న ప్రాంతీయ క్రీడా సంఘానికి, మైదానం ఇచ్చిన కౌన్సిల్‌కు పంపండి. క్లబ్బు ధార్మిక సంస్థగా కూడా నమోదై ఉంటే ధార్మిక సంస్థలను నమోదు చేసే చారిటీస్ సర్వీసెస్‌కూ మార్పును విడిగా తెలియజేయాలి.