డేటా సఫిషియెన్సీ, 4వ పాఠం: ఆరో ఎక్కంలో పోయింది, ఎనిమిదో ఎక్కంలో పోయింది, మరి 48తో?

పోయిన పాఠంలో 3, 4, 8, 9, 11 భాజనీయతా సూత్రాలు అయిపోయాయి కాబట్టి వాటిని మళ్లీ చెప్పను, మరిచిపోయినవాళ్లు ఒకసారి తిరగేసి రండి. ఈసారి నేరుగా ప్రశ్నల్లోకి. డేటా సఫిషియెన్సీ అంటే ఒక ప్రశ్న, దాని కింద రెండు వాక్యాలు ఇస్తారు; జవాబు తేల్చడానికి ఒక వాక్యం చాలా, రెండూ కలిపితే చాలా, కలిపినా చాలదా అన్నదే మనం చెప్పాలి.

నల్గొండ వాళ్లకు బత్తాయి గురించి చెప్పక్కర్లేదు. రోడ్డు పక్కన ఒక అవ్వ కాయలు కుప్పలు పోస్తోంది అనుకోండి. ప్రశ్న: ఆమె దగ్గరున్న కాయల సంఖ్య 48తో నిశ్శేషంగా భాగించబడుతుందా?

వాక్యం 1: 6 చొప్పున కుప్పలు పోస్తే ఒక్క కాయ కూడా మిగల్లేదు.
వాక్యం 2: 8 చొప్పున పోసినా ఏమీ మిగల్లేదు.

ఆరెనిమిదులు నలభై ఎనిమిది, రెండు వాక్యాలూ కలిస్తే చాలు అని గబుక్కున టిక్ పెట్టేస్తారు చాలామంది. నేనూ పెట్టాను, ఒక పోటీ పరీక్షలో, ఇలాంటి ప్రశ్నకే. తిరిగి దేవరకొండ బస్సెక్కాక అనుమానం వచ్చి టికెట్ వెనక 24 అని రాసుకున్నా. 6తో పోయింది, 8తో పోయింది, 48తో పోలేదు. మార్కు పోయిందని అక్కడే తెలిసిపోయింది.

ఎందుకు పోలేదంటే, 6 అంటే 2×3, 8 అంటే 2×2×2. 6కి కావాల్సిన 2 ఆ ఎనిమిదిలోనే ఉంది కదా, దాన్ని ఇంకోసారి లెక్కేయకూడదు. కాబట్టి రెండు వాక్యాలూ కలిపి మనకు గ్యారంటీ ఇచ్చేది క.సా.గు. వరకే, అంటే 24. కాయలు 24 అయితే జవాబు 'కాదు', 48 అయితే 'అవును'. ఒకే సమాచారంతో రెండు రకాల జవాబులు వచ్చాయంటే డేటా చాలదు, అంతే. లబ్ధం వేసుకోవాలంటే ఆ రెండు సంఖ్యలకీ 1 తప్ప ఉమ్మడి కారణాంకం ఉండకూడదు: 8, 9 ఇస్తే 72 అని ధైర్యంగా అనొచ్చు.

ఇప్పుడు వాక్యాలు అవే ఉంచి ప్రశ్నలో 48 తీసేసి 24 పెట్టండి. రెండూ కలిస్తే చాలు. 12 పెట్టినా అంతే, విడివిడిగా ఏదీ సరిపోదు. మరి 4 పెడితే? 8తో పోయేది 4తో పోక ఎక్కడికి పోతుంది, రెండో వాక్యం ఒక్కటే చాలు. ఇక్కడ 'రెండూ కలిపితే' అనే ఆప్షన్ పెట్టినవాళ్లకి మార్కు రాదు, ఒక్కదానితో అయ్యే పనికి ఇద్దరిని పిలవకూడదు.

ఇంకో గుంత. ఎన్ అనే సంఖ్య 9తో భాగించబడుతుందా? వాక్యం 1: ఎన్‌లోని అంకెల మొత్తం 15. వాక్యం 2: ఎన్ 3తో భాగించబడుతుంది. అంకెల మొత్తం 15 అంటే 9తో భాగిస్తే శేషం 6, కచ్చితంగా భాగించబడదు. ఇక్కడ ఏం చేస్తారంటే, జవాబు 'కాదు' అని వచ్చింది కాబట్టి వాక్యం చాలదు అనుకుంటారు. అరె, వాళ్లు అడిగింది తేల్చగలవా అని, అవునా కాదా అని కాదు. 'కాదు' అని తేలినా తేలినట్టే. మొదటి వాక్యం ఒక్కటే చాలు. రెండోది చాలదు, 3కి, 9కి వేసి చూడండి.

ఇంకొకటి, మన నాగార్జునసాగర్ డ్యామ్ మీద క్రెస్ట్ గేట్లు 26. ఎన్ అనేది 26కి కారణాంకం అయితే ఎన్ ఎంత? వాక్యం 1: ఎన్ సరి సంఖ్య. వాక్యం 2: ఎన్ రెండంకెల సంఖ్య. కారణాంకాలు నాలుగే: 1, 2, 13, 26. మొదటిదానితో 2, 26 మిగులుతాయి. రెండో వాక్యం చదివేటప్పుడు మొదటిదాన్ని బొటనవేలితో మూసేయండి (కంప్యూటర్ స్క్రీన్ మీద వేలు పెట్టినా ఎవరూ ఏమీ అనరు), లేకపోతే 'సరి' అన్న మాట మనసులో ఉండిపోయి 26 ఒక్కటే కనిపిస్తుంది, రెండోదే చాలనిపిస్తుంది. మూసేసి చూస్తే 13 కూడా ఉంది. రెండూ కలిపితేనే 26.

ఆప్షన్ల వరుస పరీక్షని బట్టి మారుతుంది, హాల్లో కూర్చోగానే ముందు అది చదవండి. ప్రశ్నలో 'ధన పూర్ణసంఖ్య' అని లేకపోతే సున్నా కూడా వేసి చూడాలి, అది అన్నిటితోనూ పోతుంది.

ఇంటికి ఒకటి ఇస్తున్నా. ఎన్ ధన పూర్ణసంఖ్య. అది 36తో భాగించబడుతుందా? వాక్యం 1: ఎన్ వర్గం 72తో భాగించబడుతుంది. వాక్యం 2: ఎన్ 18తో భాగించబడుతుంది. 72లో మూడు 2లున్నాయి, వర్గంలో ఏ ప్రధాన కారణాంకమైనా జతలుగానే ఉంటుంది, ఆ దారిన వెళ్లండి. జవాబు 5వ పాఠం మొదట్లో.