చవక పాలిషింగ్ మిషను కొనేదా? ముందు మీ కారు రంగు చెప్పండి

"ఆన్‌లైన్లో పాలిషింగ్ మిషను చవగ్గా చూశాను, కొనేదా?" అని ఎవరు అడిగినా ముందు నేను అడిగేది కారు రంగు. తెల్ల కారైతే డబ్బులు దాచుకోమంటాను. తెలుపు మీద గీతలు లేక కాదు, కంటికి ఆనవు. మంచి షాంపూ, ఒక వ్యాక్స్ డబ్బా సరిపోతాయి. నలుపు, ముదురు నీలం, మెరూన్ అయితే కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయమే. నాది నలుపు. అదీ విశాఖ జ్ఞానాపురంలో, పోర్టు పక్కన.

ఇక్కడివాళ్లకి నేను చెప్పక్కర్లేదు. పొద్దున్న తుడిచిన కిటికీ గట్టు మీద సాయంత్రం వేలు రాస్తే నల్లగా అంటుకుంటుంది. పోర్టులో గుట్టలు పోసిన బొగ్గు, ఇనప ఖనిజం పొడి గాలికి లేచి వన్ టౌన్ మీదా మా మీదా వాలుతూ ఉంటుంది. సముద్రపు ఉప్పు తేమ తోడై ఆ పొడి కారు మీద అతుక్కుని కూర్చుంటుంది. అప్పుడు మా వాచ్‌మన్ రంగంలోకి దిగుతాడు. ఒకటే బకెట్టు, ఒకటే గుడ్డ, సెల్లార్ నిండా కార్లు. నాలుగైదు కార్లు అయ్యేసరికి ఆ నీళ్లు కాఫీ డికాషన్ రంగుకొస్తాయి. ఆ గుడ్డలో ఇరుక్కున్న నలుసులే బానెట్ మీద సన్నటి గుండ్రటి గీతలు గీసేది. సెల్లార్లో కనపడవు. బీచ్ రోడ్డులో పొద్దుటి ఎండకి కారు ఆపి బానెట్ వంక ఓరగా చూడండి, మొత్తం బయటపడతాయి.

పాలిషర్ ఆ గీతల్ని పూడుస్తుందని చాలామంది అనుకుంటారు. పూడ్చదు, చుట్టూ ఉన్న పొరని గీత లోతుదాకా అరగదీస్తుంది. రంగు మీద ఉండే పారదర్శకమైన పొర, క్లియర్ కోట్ అంటారే, అది సుమారు 35 నుంచి 50 మైక్రాన్లు. ప్రైమర్, రంగు అన్నీ కలిపినా కంపెనీ పెయింటు మందం మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు. తల వెంట్రుకే 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. గట్టిగా ఒక విడత కంపౌండ్, అంటే అరగదీసే పేస్టు, కొడితే ఆ పొరలోంచి రెండు మూడు మైక్రాన్లు పోతాయి, పోయింది తిరిగి రాదు. అందుకే పండక్కోసారి పాలిష్ కొట్టించేవాళ్లని చూస్తే నాకు భయం. గీత మీద గోరు అడ్డంగా లాగి చూడండి. గోరు తట్టుకుందంటే అది పాలిష్‌తో పోయే గీత కాదు, పెయింటర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

ఇక మిషన్ల సంగతి. ఆన్‌లైన్లో "కార్ పాలిషర్" అని కొడితే ఒకే పేరుతో మూడు రకాల వస్తువులు కనిపిస్తాయి. చిక్కంతా అక్కడే.

అన్నిటికన్నా చవకది రెండు పిడులతో, పళ్లెం అంత గుండ్రంగా ఉండి, టవల్ గుడ్డ తొడుగు తొడుక్కుని వస్తుంది. దాని మోటారుకి అంత బలం ఉండదు. వ్యాక్స్ పులమడానికి పనికొస్తుంది, గీతలు తియ్యలేదు. ఆ పులమడం చేత్తోనే అవుతుంది కాబట్టి దండగ.

రెండోది రోటరీ. చూడ్డానికి వెల్డింగ్ షాపులో గ్రైండర్‌లా ఉంటుంది. ప్యాడ్ తగిలించే పళ్లెం ఏడంగుళాలు, 1200 వాట్ల మోటారు, నిమిషానికి 600 నుంచి 3000 చుట్లు. మూడు వేలకి అటూ ఇటూగా దొరుకుతుంది. గాజువాక ఆటోనగర్లో పెయింటర్ల చేతుల్లో ఉండేది ఇదే. కొత్తగా పెయింటు కొట్టిన డోరుని నీళ్ల పేపరుతో రుద్ది, ఊలు ప్యాడ్ వేసి ఈ మిషనుతో ఒక పట్టు పట్టారంటే అందులో మొహం చూసుకోవచ్చు. కానీ అది ఒకే చోట ఒకే దిక్కుగా తిరుగుతుంది కాబట్టి క్షణం ఆగినా అక్కడ వేడి పుడుతుంది. అంచుల దగ్గర, బానెట్ మీద మడతలా వచ్చే గీర దగ్గర పెయింటు పల్చగా ఉంటుంది. అక్కడ వేడి తగిలితే తినేస్తుంది. మా మరిది ఇదే కొన్నాడు. బానెట్ గీర పొడుగునా ప్రైమర్ బూడిద రంగు తేలింది. ఆటోనగర్ తీసుకెళ్తే మేస్త్రీ వేలితో తడిమి చూసి, "మిషను మంచిదేనమ్మా, చెయ్యే కొత్తది" అన్నాడు. బానెట్ మొత్తం మళ్లీ పెయింటు కొట్టించాడు. మిషను మాత్రం ఇంట్లో సిమెంటు గోడ పుట్టీ రుద్దడానికి బ్రహ్మాండంగా పనిచేస్తోంది.

మూడోది డ్యూయల్ యాక్షన్, క్లుప్తంగా డీఏ. దీని ప్యాడ్ తన చుట్టూ తను తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది. ఊగే వెడల్పు 8, 15, 21 మిల్లీమీటర్లలో వస్తుంది. మొదటిసారి కొనేవాళ్లకి 15, ఐదంగుళాల పళ్లెం. ఎక్కువ నొక్కితే ప్యాడ్ తిరగడం మానేసి ఊరికే వణుకుతుంది, అంతే. ఆ బలహీనతే కొత్త చేతికి రక్ష. పేరున్న కంపెనీది పది వేలు దాటుతుంది, పేరు లేనిది ఐదారు వేలకి వస్తుంది. చవకది కొనొచ్చా అంటే, ముదురు రంగు కారుకి ఈ పేరు లేని డీఏ కొనొచ్చు. డ్రిల్లుకి తగిలించే స్పాంజి కిట్లు మాత్రం వద్దు. ప్యాడ్ వంకరగా కూర్చుంటుంది, ఒక్క చేత్తో అదుపు చెయ్యలేం.

చవక డీఏ ఇంటికొచ్చాక రిటర్న్ గడువు దాటకముందే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. పళ్లెం అంచున మార్కర్‌తో ఒక గీత గీయండి. ప్యాడ్ తగిలించి, కారు అద్దం మీద కంపౌండ్ చుక్క వేసి, మామూలు బరువుతో నడపండి. గీత చుట్టూ తిరుగుతున్నట్టు కనపడాలి. ఒకే చోట నిలిచి వణికితే మోటారు బలం చాలట్లేదన్నమాట, తిప్పి పంపెయ్యండి. స్పీడు మార్చే చక్రం నిజంగా స్పీడు మారుస్తోందా, స్విచ్ వేయగానే ఎగిరి పడుతోందా మెల్లగా అందుకుంటోందా చూడండి. డబ్బాలో అదనపు కార్బన్ బ్రష్షులు వచ్చాయా చూసి దాచండి; అవి అరిగితే మిషను ఆగిపోతుంది, గ్రైండర్లు బాగుచేసేవాడెవడైనా పది నిమిషాల్లో మార్చేస్తాడు. చవకవాటిలో ముందు పోయేది మోటారు కాదు, పళ్లేనికి అంటించిన వెల్క్రో. వేడెక్కి ఊడుతుంది. మధ్యమధ్యలో చెయ్యి పెట్టి చూస్తూ, వేడెక్కితే ప్యాడ్ మార్చండి.

మిషనుతో ఖర్చు అయిపోదు. డబ్బాలో వచ్చే ప్యాడ్లు చాలావరకు పారెయ్యాల్సినవే. మంచి ఫోమ్ ప్యాడ్లు మధ్యరకంవి మూడు, మెత్తవి రెండు, ఒక మీడియం కంపౌండ్, ఒక ఫినిషింగ్ పాలిష్, అరడజను మైక్రోఫైబర్ గుడ్డలు, క్లే ముద్ద, మాస్కింగ్ టేపు. దగ్గర దగ్గర ఇంకో మూడు వేలు. ఊళ్లో షాపువాళ్లు నా హ్యాచ్‌బ్యాక్‌కి ఒకసారి పాలిష్ కొట్టడానికి చెప్పింది నాలుగైదు వేలు. అంటే ఒక్క కారు కోసం ఒక్కసారికైతే లెక్క కుదరదు. మా ఇంట్లో, మా అక్క ఇంట్లో కలిపి మూడు ముదురు రంగు కార్లు, అందుకని నాకు కుదిరింది.

పని మొదలుపెట్టేముందు కరెంటు. 1200 వాట్ల రోటరీ ఐదు ఆంపియర్లు దాటి లాగుతుంది, మామూలు ఆరు ఆంపియర్ల ప్లగ్గుకి అంచు మీద ఉన్నట్టే. 700 నుంచి 900 వాట్ల డీఏ నాలుగు లోపే. అయినా టీవీకి వాడే సన్న ఎక్స్‌టెన్షన్ వైరు వద్దు, మందంది వాడండి. సెల్లార్లో దుమ్ము లేవకుండా గచ్చు మీద నీళ్లు చల్లుతాను, ఎక్స్‌టెన్షన్ బాక్సుని మాత్రం స్టూలు మీద పెడతాను. వైరు భుజం మీంచి వెనక్కి. చున్నీ తీసి పక్కన పెట్టండి, జడ ముడెయ్యండి, గాజులు, ఉంగరాలు తియ్యండి. తిరిగే మిషనుకి చున్నీ అందితే ఏమవుతుందో వేరే చెప్పాలా! ఎండలో ఈ పని చెయ్యకూడదు, రేకు చల్లగా ఉండాలి. మన ఊళ్లో డిసెంబరు, జనవరి పొద్దుటి పూటలు హాయి.

కారుని రెండు బకెట్లతో కడగండి, ఒకటి షాంపూకి, ఒకటి గుడ్డ జాడించడానికి. బోరు నీళ్లయితే ఆరనివ్వకుండా తుడిచెయ్యండి, లేకపోతే తెల్ల మరకలు కడతాయి. ఇప్పుడు పల్చటి పాలిథీన్ కవర్లో చెయ్యి దూర్చి బానెట్ మీద మెల్లగా రాయండి. గరగరమంటోందా? అవి పెయింటులో దిగబడ్డ ఇనప రజను, బొగ్గు నలుసులు. షాంపూ నీళ్లు చల్లుతూ క్లే ముద్దతో తీసెయ్యాలి. పోర్టు దగ్గరి కార్లకి ఈ పని వదిలేస్తే పాలిష్ చేసేటప్పుడు ఆ నలుసులే ప్యాడ్ కిందకొచ్చి కొత్త గీతలు గీస్తాయి. తర్వాత అంచులకి, గీరకి, నల్ల ప్లాస్టిక్, రబ్బరు బీడింగులకి టేపు వెయ్యండి. నల్ల ప్లాస్టిక్‌కి కంపౌండ్ అంటితే తెల్లగా ఎండి ఓ పట్టాన వదలదు.

మొదట డిక్కీ మీద రెండడుగుల చదరం ఎంచుకోండి. మధ్యరకం ప్యాడ్ మీద బఠాణీ గింజంత చుక్కలు నాలుగు. మిషను ఆపి ఉండగానే రేకు మీద ఆనించి చుక్కలు అద్దండి, గాల్లో ఆన్ చేస్తే గోడలన్నీ కంపౌండే. ఒకటో నంబరు మీద పులిమి, నాలుగైదు మీద పని చెయ్యండి. చెయ్యి కదిలే వేగం సెకనుకి అంగుళం. అందరూ ఇక్కడే తొందరపడతారు. గుడ్డతో తుడిచినట్టు అటూ ఇటూ లాగితే ఎంతసేపు చేసినా గీత కదలదు. ఒక వరస సగం మీద ఇంకో వరస పడుతూ, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, అలా నాలుగు విడతలు. ప్యాడ్ ఎప్పుడూ బల్లపరుపుగా ఉండాలి. తుడిచి, ఫోను టార్చి ఓరగా వేసి చూడండి. గీతలు పోతే అదే పద్ధతి కారంతా. పోకపోతే ఇంకో నాలుగు విడతలు. ప్యాడ్‌కి కారు రంగు అంటుతోందంటే అక్కడ క్లియర్ కోట్ లేదు, వెంటనే ఆపండి.

ఒక్కో భాగానికి ప్యాడ్‌ని బ్రష్షుతో దులపండి. బంపర్ల మీద ఒత్తిడి తగ్గించండి, ప్లాస్టిక్ వేడిని రేకులా లాక్కోదు కాబట్టి అక్కడ పెయింటు తొందరగా కాలుతుంది. అన్ని గీతలూ పోవాలని పట్టు పట్టొద్దు. పదింట ఏడు పోతే చాలు, మిగతా మూడింటి కోసం ఉన్న పొర తినెయ్యడం తెలివి కాదు. ఒక కారుకి సెలవురోజు మొత్తం పడుతుంది, సాయంత్రానికి భుజాలు పడిపోతాయి. చివర్న మెత్త ప్యాడ్‌తో ఫినిషింగ్ పాలిష్, ఆ మీద చేత్తో వ్యాక్స్. ఉప్పు గాలికి మన దగ్గర వ్యాక్స్ ఎక్కువకాలం నిలవదు, రెండు నెలలకోసారి వేస్తే మంచిది.

ఇంత చేసి మళ్లీ ఆ బకెట్టు గుడ్డకి అప్పజెప్తే నెల తిరిగేసరికి మొదటికొస్తుంది. మా వాచ్‌మన్‌తో నెల డబ్బులు ఎప్పటిలాగే ఇస్తాను, నా కారు మాత్రం తుడవొద్దు అన్నాను. "తుడవొద్దంటారేటమ్మా, మరి డబ్బులెందుకిత్తన్నారు?" అని ఆయనకి అనుమానం. చివరికి టైర్లు, లోపల మ్యాట్లు ఆయనవి, పైన రేకంతా నాది అని ఒప్పందానికొచ్చాం.

వాడిన ప్యాడ్లు అదే సాయంత్రం గోరువెచ్చటి నీళ్లలో షాంపూ వేసి పిసికి, వెల్క్రో వైపు పైకి ఉండేలా పెట్టి, ఫ్యాను కింద ఆరబెట్టండి. వెల్క్రో లోపల నీళ్లు నిలిస్తే జిగురు వదిలేస్తుంది.