కసెర్తా ప్యాలెస్‌కు వెళ్తే ముందు తోటలోకి నడవండి

ఇటలీలోని నేపుల్స్ వెళ్లేవారు ఒక పూట మిగుల్చుకుని కసెర్తా రాజప్రాసాదం చూడండి. రైలులో ముప్పావుగంట లోపే చేరుకోవచ్చు, స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా ప్యాలెస్ కనిపిస్తుంది. టాక్సీ అవసరమే లేదు. మంగళవారం మాత్రం సెలవు.

బూర్బన్ వంశపు రాజు చార్లెస్ కోసం వాస్తుశిల్పి వాన్విటెల్లి 1752లో మొదలుపెట్టిన ఈ భవనంలో దాదాపు 1200 గదులున్నాయి. చాలామంది లోపలికి వెళ్లగానే ఆ గదుల వెంట పడతారు. బంగారు పూత, షాండ్లియర్లు చూసి చూసి కాళ్లు లాగేసరికి పొద్దు వాలుతుంది, తోట మిగిలిపోతుంది. నన్నడిగితే అసలు చూడాల్సింది తోటే. కొండ మీది జలపాతం నుంచి ప్యాలెస్ వైపు సుమారు 3 కిలోమీటర్ల పొడవునా కొలనులు, ఫౌంటెన్లు మెట్లు దిగినట్టు వరుసగా ఉంటాయి.

కాబట్టి ముందు తోట దారి పట్టండి. షటిల్ బస్సు నడుస్తుంటే పైదాకా దానిలో వెళ్లి, దిగేటప్పుడు నడవండి. జలపాతం కింద రోమన్ పురాణాల్లోని వేట దేవత డయానా, ఆమె కోపానికి జింకగా మారిన వేటగాడు ఆక్టియాన్ శిల్పాలున్నాయి. వేటకుక్కలు మీద పడుతున్న ఆక్టియాన్‌ను దగ్గర నుంచి చూడాల్సిందే. పక్కనే ఇంగ్లిష్ గార్డెన్. దాని తలుపులు మిగతా తోట కన్నా ముందే మూసేస్తారు, అందుకే మొదటే చూసేయండి. ఎండాకాలమైతే నీళ్ల సీసా, టోపీ తప్పనిసరి, మధ్యలో నీడ తక్కువ. గదులు ఆఖరున చూసినా నష్టం లేదు, సింహాసనం గది, పెద్ద మెట్లదారి చాలు.