షాపులో నకిలీ కార్డులు: నేనేం చేశానంటే

డాలస్ దగ్గర మా చిన్న గేమ్ షాపు శుక్రవారం సాయంత్రాలు మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే, కార్డులు కొని, మార్చుకుంటూ ఆడే ఆట ఆడేవాళ్లతో నిండిపోతుంది. ఒకరోజు 12 ఏళ్ల మన తెలుగు పిల్లాడు, తన మంచి కార్డులన్నీ ఇచ్చి మార్చుకున్న ఒక్క కార్డు పట్టుకొచ్చి "అంకుల్, దీనికి ఎంత వస్తుంది?" అన్నాడు. చేతిలోకి తీసుకోగానే నాకు టెన్షన్ మొదలైంది.

భూతద్దం పెట్టి వెనకవైపు ఆకుపచ్చ చుక్క చూశాను. అసలు కార్డులో అక్కడ నాలుగు చిన్న ఎర్ర చుక్కలు ఎల్ ఆకారంలో కనిపిస్తాయి, ఇందులో లేవు. ముందువైపు అక్షరాలు కూడా గట్టి నలుపులో కాకుండా రంగు చుక్కలతో అచ్చయ్యాయి. కొందరు కార్డు వంచి చూస్తారు, అది మాత్రం వద్దు, అసలుదైతే పాడైపోతుంది.

ఆ కార్డు పిల్లాడికి ఇచ్చినవాడు మా పాత కస్టమరే. ఒళ్లు మండింది కానీ అందరి ముందు అరవకుండా పక్కకు పిలిచి, అసలుదీ నకిలీదీ భూతద్దం కింద పక్కపక్కన పెట్టి చూపించాను. "నాకు తెలీదన్నా" అన్నాడు, కానీ అతను కార్డులు దాచుకునే బైండర్‌లో ఇంకో ఆరు నకిలీవి దొరికాయి. పిల్లాడి కార్డులు వెనక్కి ఇప్పించి, ఇక షాపుకి రావద్దని చెప్పేశాను.

ఇప్పుడు పిల్లల మార్పిడులన్నీ కౌంటర్ దగ్గరే, నేను చూశాకే. భూతద్దం అక్కడే తాడుతో కట్టి ఉంచాను, ఎవరైనా చూసుకోవచ్చు.