నైట్ డ్యూటీ దిగేముందు జూనియర్ డాక్టర్లు ఓవర్ ఇవ్వడం (తర్వాత డ్యూటీకి వచ్చేవాళ్లకి పేషంట్లని అప్పజెప్పడం) ఎలా?

గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)కి పల్నాడు, బాపట్ల, ప్రకాశం వైపు నుంచీ రెఫర్ కేసులొస్తాయి. జూనియర్ డాక్టర్ల కోసం 1992లో వచ్చిన కేంద్ర రెసిడెన్సీ స్కీమ్ ఏకబిగిన డ్యూటీ మామూలుగా 12 గంటలు దాటకూడదంది. కాగితం మీద మాటే అది! ఇరవైనాలుగు గంటలు నిలబడిన బుర్రలోంచి కేసులు జారిపోయేది ఎక్కువగా ఓవర్ ఇచ్చేటప్పుడే.

జ్ఞాపకాన్ని నమ్మొద్దు. రాత్రంతా జేబులో మడతపెట్టిన కాగితం ఉండాలి. పేషంటుకో వరస: బెడ్ నంబరు, పేరు, జబ్బు, రాత్రి ఏం చేశారు, ఇంకా ఏం చేయాలి. ఆ చివరిదే ప్రాణం. "పొటాషియం చూడాలి" అని రాస్తే ఎవరూ చూడరు. డీకేఏ (షుగర్ ముదిరి రక్తం ఆమ్లంగా మారడం) కేసైతే ఇలా రాయండి: "శాంపిల్ 5కి వెళ్లింది. 7కి రిపోర్టు తెప్పించాలి. 3.5 కన్నా తక్కువుంటే ఇన్సులిన్ మొదలుపెట్టకుండా పీజీ డాక్టరుకి ఫోన్ చేయాలి."

ఓవర్ మంచం దగ్గరే ఇవ్వండి, డ్యూటీ రూమ్‌లో కాదు. 1వ బెడ్ నుంచి వరసగా పోతే, సీరియస్ కేసు దగ్గరికి వెళ్లేలోపు చీఫ్ రౌండ్స్‌కి వచ్చేస్తారు. అందుకే ముందు సీరియస్ కేసులే. విన్నవాళ్లచేత తిరిగి చెప్పించండి. నర్సుల షిఫ్టూ అదే వేళకి మారుతుంటే పావుగంట ముందే మొదలుపెట్టండి. లేకపోతే రాత్రి సంగతి తెలిసినవాళ్లు వార్డులో ఒక్కరూ మిగలరు.

ఇన్సులిన్ దగ్గర మరీ జాగ్రత్త. వార్డులో మిల్లీలీటరుకి 40 యూనిట్లుండే వయల్ (మందు సీసా) ఉంటుంది, పేషంటు తాలూకువాళ్లు బయట నుంచి 100 యూనిట్లది తెస్తారు. ఎర్రమూత సిరంజి 40కి, నారింజ మూతది 100కి. ఎర్రమూత సిరంజితో 100 వయల్ నుంచి 10 గీత దాకా లాగితే లోపలికి పోయేది 25 యూనిట్లు. కేస్ షీట్‌లో "యూనిట్లు" అని మొత్తం రాయండి. ఒంటి ఇంగ్లిష్ అక్షరం U గిలికితే అది సున్నాలా కనబడి 10 కాస్తా 100 అవుతుంది. పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్‌ని నేరుగా నరంలోకి ఎప్పుడూ ఎక్కించకూడదు. సెలైన్‌లో ఎంత కలిపారో, ఎన్నింటికి పెట్టారో బాటిల్ మీదే రాయండి. తెల్లవారుజామున 3 నుంచి 5 మధ్య వేసే ఏ లెక్కైనా ఇంకొకరు సరిచూడాలి.

చివర్లో కాగితం చేతికివ్వండి, ఫోటో తీసి గ్రూపులో పడేయొద్దు. పేషంట్ల పేర్లుంటాయి.

విజయవాడ నుంచి వచ్చిపోయేవాళ్లు ఆ నిద్రమత్తులో హైవే మీద బండి తీయకుండా బస్సెక్కండి.