ఇంగ్లండ్ నుంచి వలస వెళ్లిన ముత్తాత జాడ దొరకట్లేదా? ఎక్కడ తేడా కొడుతోందో చూడండి

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడ్డ మనవాళ్లు కోడలి తరఫునో అల్లుడి తరఫునో ఫ్యామిలీ ట్రీ వెయ్యడానికి కూర్చుంటే, ముత్తాత దాకా పని బాగానే సాగి, ఇంగ్లండ్‌లో ఓడ ఎక్కినవాడి దగ్గర ఆగిపోతుంది. చాలాసార్లు లోపం ఇంగ్లండ్ రికార్డుల్లో ఉండదు. ఆయన దిగిన దేశంలో వెతకాల్సినవి వెతక్కుండానే మనం సముద్రం దాటేస్తాం, అదీ అసలు సంగతి.

సమస్య: పేరూ, పుట్టిన ఏడాదీ కలిసిన మనిషి దొరికాడు, కానీ పైతరాలు అతకడం లేదు

కారణం: ఒకే ఇంట్లో తరతరానికీ అవే పేర్లు. జార్జ్ వాషింగ్టన్ విషయంలోనే ఇది జరిగింది. ఆయన ముత్తాత జాన్, జాన్ తమ్ముడు లారెన్స్ 1650లలో వర్జీనియా చేరారు. 1790లలో ఐజాక్ హర్డ్ అనే ఇంగ్లిష్ వంశావళి అధికారి సల్‌గ్రేవ్ ఊరి వాషింగ్టన్ కుటుంబంలో జాన్, లారెన్స్ అనే అన్నదమ్ములు కనిపించగానే వీళ్లే వాళ్లని తేల్చేశాడు. 1866లో జోసెఫ్ చెస్టర్ అది కుదరదని చూపించాడు: ఆ జాన్ సర్ బిరుదున్నవాడు, ఆ లారెన్స్ చర్చి ఫాదరీ. అసలు లంకె 1889లో హెన్రీ వాటర్స్ బయటపెట్టాడు, అదీ ట్రింగ్ అనే ఊరికి సంబంధించిన వీలునామా, ఆస్తి కాగితాల ద్వారా. వర్జీనియా వెళ్లిన అన్నదమ్ములు ఆ ఫాదరీగారి కొడుకులు, సర్ జాన్ వాళ్లకి పెదనాన్న. అంటే కుటుంబం అదే, ఒక తరం తప్పింది.

పరిష్కారం: దొరికిన మనిషి ఇంగ్లండ్ వదిలి వెళ్లలేదని నిరూపించడానికి ముందు మీరే ప్రయత్నించండి. అదే పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ఊరు) రిజిస్టర్‌లో ఆ బిడ్డని పసితనంలోనే పూడ్చినట్టు ఉందా? 1851, 1861 సెన్సస్‌లలో అక్కడే పెళ్లాంపిల్లలతో ఉన్నాడా? ఉంటే మీవాడు కాదు, వదిలేయండి. 1841 సెన్సస్‌లో మాత్రం వయసు నమ్మకండి, 15 దాటినవాళ్ల వయసుని కింది ఐదుకి దించి రాయమన్నారు, కాబట్టి 34 ఏళ్లవాడు అందులో 30 ఏళ్లవాడిగా కనిపిస్తాడు. తర్వాత వీలునామాలు చూడండి. 1858కి ముందు వీలునామాలు చర్చి కోర్టుల్లో నమోదయ్యేవి, వాటిలో పెద్దదైన కాంటర్‌బరీ కోర్టువి లండన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఊళ్లో మిగిలిన అన్నో అత్తో సముద్రం అవతల ఉన్నవాడి పేరున ఏదైనా రాసిపెట్టారేమో చూడాలి.

సమస్య: ఓడ ప్రయాణికుల జాబితాలో పేరు లేదు

కారణం: బ్రిటన్ నుంచి బయల్దేరినవాళ్ల జాబితాలు వరసగా మిగిలింది 1890 నుంచే. అంతకుముందువైతే దిగిన చోటే వెతకాలి: అమెరికావి 1820 నుంచి, కెనడావి 1865 నుంచి ఉన్నాయి. అయినా దాని కోసం టెన్షన్ పడనక్కర్లేదు, దొరికినా పాత జాబితాల్లో ఊరి పేరు ఉండటం అరుదు, ‘ఇంగ్లండ్’ అని రాసి వదిలేస్తారు.

పరిష్కారం: మనకి కావాల్సింది ఓడ పేరు కాదు, పారిష్ పేరు. సమాధి రాయి, ఊరి పత్రికలో వచ్చిన మరణ వార్త, పెళ్లికి సాక్షి సంతకం పెట్టినవాళ్ల సొంతూళ్లు చూడండి, ఎందుకంటే వలస వెళ్లేవాళ్లు తరచూ ఒకే ఊరివాళ్లు కలిసి వెళ్లేవారు. ఆస్ట్రేలియా విక్టోరియాలో అయితే మీ అదృష్టం, 1853 నుంచి మరణ ధ్రువపత్రంలోనే తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన చోటు, వచ్చి ఎన్నేళ్లయిందో అడిగి రాసుకున్నారు. కాకపోతే ఆ వివరాలు చెప్పింది చనిపోయిన మనిషి కాదు కదా, కొడుకో పక్కింటివాడో. కొంచెం అనుమానంతోనే చదవాలి.

సమస్య: ఊరు తెలిసింది, పుట్టుక మాత్రం కనిపించట్లేదు

ఇంగ్లండ్, వేల్స్‌లో ప్రభుత్వ నమోదు 1837 జులై 1న మొదలైంది. 1875 దాకా పిల్లల పుట్టుక నమోదు చేయించకుండా ఊరుకున్నవాళ్లూ ఉన్నారు. కాబట్టి బాప్తిజం రిజిస్టర్ తప్పకుండా చూడాలి. అందులోనూ లేకపోతే ఆ ఇంటివాళ్లు ఇంగ్లండ్ అధికారిక చర్చికి బయట ఉన్న మెథడిస్టులో బాప్టిస్టులో అయ్యుండొచ్చు, వాళ్ల రిజిస్టర్లు వేరు. తల్లికి పెళ్లి కాకముందు పుట్టిన బిడ్డయితే తల్లి ఇంటిపేరుతో వెతకండి.

సమస్య: పెళ్లి 1640 జూన్‌లో, బిడ్డ బాప్తిజం 1640 ఫిబ్రవరిలో

గాభరా పడకండి. 1752కి ముందు ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మన ఉగాదిలా వసంతంలో, మార్చి 25న వచ్చేది. ఆ లెక్కన 1640 ఫిబ్రవరి అంటే జూన్ తర్వాత వచ్చిన ఫిబ్రవరే. మీ నోట్సులో 1640/41 అని రాసుకోండి.

సమస్య: ఇంటర్నెట్‌లో దొరికిన ట్రీ నేరుగా రాజుగారి దాకా వెళ్లింది

ప్రతి తరానికీ ఏ కాగితం ఆధారమో అడగండి. గుస్తావ్ అంజూ అనే ఆయన డబ్బున్న అమెరికన్లకి దొంగ వంశావళులు తయారు చేసి అమ్మాడు, అవి ఇప్పటికీ ట్రీలలో తిరుగుతున్నాయి.

ఇక మీవాడు అమెరికా కాకుండా మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చినవాడైతే, సికింద్రాబాద్, కాజీపేట, గుంతకల్లు ఆంగ్లో ఇండియన్ కుటుంబాలవాళ్లకి ఇది పనికొస్తుంది, ఇక్కడి చర్చిల బాప్తిజం, పెళ్లి, ఖనన నకళ్లు లండన్‌కి పంపేవారు. అవి బ్రిటిష్ లైబ్రరీలో ఎన్/2 అనే వరసలో ఉన్నాయి. వెతుకులాట అక్కణ్నుంచి మొదలుపెట్టండి.