ఇంగ్లీష్ టీచర్‌గా చేరేముందు చూసుకోవాల్సినవి: నల్లగొండ నుంచి ఒక అక్క మాట

డిగ్రీ అయిపోయింది, ఇంగ్లీష్ బాగానే వస్తుంది, టీచర్‌గా చేరాలనుంది, ఏం చేయమంటావక్కా అని ఏటా ఎండాకాలంలో ఎవరో ఒకరు అడుగుతారు. పన్నెండేళ్లుగా నల్లగొండలో ఇదే పని చేస్తున్నాను, మధ్యలో రెండుసార్లు జీతం లేకుండా ఇంట్లో కూర్చున్నాను కూడా, అందుకే ఉన్నదున్నట్టు చెప్తున్నా.

ముందు మీ డిగ్రీ మెమో బయటికి తీయండి. సర్కారు బడిలో స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లీష్ (హైస్కూల్ ఇంగ్లీష్ టీచర్) పోస్టుకు డిగ్రీలో ఇంగ్లీష్ ఒక ఆప్షనల్ సబ్జెక్టుగా అయినా ఉండాలి, లేదంటే ఎంఏ ఇంగ్లీష్ అయినా ఉండాలి, దాంతోపాటు బీఈడీలో ఇంగ్లీష్ మెథడాలజీ, అంటే ఇంగ్లీష్ ఎలా బోధించాలో నేర్పే సబ్జెక్టు, ఉండాలి. అందరూ చదివే జనరల్ ఇంగ్లీష్ పేపరు ఈ లెక్కలోకి రాదు. ప్రైవేట్ బడిలో నాలుగేళ్లు చెప్పిన తర్వాత ఈ సంగతి తెలిసి ఏడ్చిన బీకాం అమ్మాయిని నేను చూశాను. ఎంఏ చేయాలంటే ఇక్కడే మహాత్మా గాంధీ యూనివర్సిటీ ఉంది, మహబూబ్‌నగర్ వైపు వాళ్లకు పాలమూరు యూనివర్సిటీ ఉంది, పని మానలేని వాళ్లకు అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఉంది. హైదరాబాద్ ఇఫ్లూలో (ఇంగ్లీష్, విదేశీ భాషల యూనివర్సిటీ) ఇంగ్లీష్ ఎలా చెప్పాలో నేర్పే కోర్సులే వేరుగా ఉన్నాయి, వీలైతే అటు కూడా చూడండి.

టెట్, అంటే టీచర్ అర్హత పరీక్ష, దగ్గర చాలామంది దెబ్బతింటారు. స్కూల్ అసిస్టెంట్ కావాలనుకునేవాళ్లు రాసే పేపర్ 2 మొత్తం 150 మార్కులు, అందులో ఇంగ్లీష్‌కు 30, సోషల్‌కో లేదా మ్యాథ్స్ సైన్స్‌కో 60. అంటే ఇంగ్లీష్ టీచర్ కావడానికి ఇంగ్లీష్ కన్నా సోషల్ రెండింతలు చదవాలి. నేను మొదటిసారి సోషల్‌ను పక్కన పెట్టి పోగొట్టుకున్నాను, మీరు ఆ తప్పు చేయకండి. సర్కారు టీచర్ పోస్టులు నింపే డీఎస్సీ పరీక్షలో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంటుంది కాబట్టి పాసైతే చాలనుకుని ఆగిపోవద్దు, మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాయండి.

డీఎస్సీ ఎప్పుడొస్తుందో అని ఎదురుచూస్తూ మాత్రం కూర్చోకండి. 2017లో 8,792 పోస్టులతో టీఆర్టీ (అప్పుడు డీఎస్సీకి పెట్టిన పేరు) వచ్చింది, ఆ తర్వాత 2023లో 5,089 పోస్టులకు నోటిఫికేషన్ వేసి రద్దు చేశారు, చివరికి 2024లో 11,062 పోస్టులతో వచ్చింది. అన్ని సబ్జెక్టులూ కలిపి చెప్పే లెక్క ఇది, మన సబ్జెక్టుకు, మన జిల్లాకు, మన రిజర్వేషన్ రోస్టర్‌కు వచ్చేసరికి వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. ఆ ఏడేళ్లలో పెళ్లిళ్లయినవాళ్లు, పిల్లలు పుట్టినవాళ్లు, చదువు పక్కన పెట్టి మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో లెక్కలు రాయడానికి పోయినవాళ్లు నాకు తెలుసు. అందుకే చదువు రోజుకు రెండు గంటలు నడవాలి, సంపాదన వేరే దారిలో నడవాలి.

ఆ సంపాదన చాలామందికి ప్రైవేట్ బడిలోనే మొదలవుతుంది. చేరేరోజే నాలుగు సంగతులు తేల్చుకోండి: జీతం పది నెలలకా పన్నెండు నెలలకా, రోజుకు ఎన్ని పీరియడ్లు, ఎండాకాలంలో అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిప్పుతారా, ఒరిజినల్ సర్టిఫికెట్లు అడుగుతారా. ఒరిజినల్స్ ఇవ్వకండి. నేను పనిచేసిన ఒకచోట నా బీఈడీ సర్టిఫికెట్ ఇచ్చేదాకా మూడు నెలలు తిప్పారు, ఈలోపు ఇంకో కాలేజీలో వచ్చిన అవకాశం పోయింది. అడిగితే జిరాక్స్ ఇవ్వండి, వెరిఫికేషన్‌కు చూపించి వెంటనే వెనక్కి తీసుకోండి. మొహమాటపడితే మనకే నష్టం.

2020 మార్చిలో బడులు మూతపడ్డప్పుడు జీతం ఆగిపోయింది. ఏడాది తర్వాత, 2021 ఏప్రిల్‌లో, ప్రైవేట్ టీచర్లకు సర్కారు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. ఆ బియ్యం కోసం లైన్లో నిలబడ్డవాళ్లలో నాకు చదువు చెప్పిన సారు కూడా ఉన్నారు. అప్పటి నుంచి ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో లేకుండా నేను ఉండటం లేదు, మీరూ మొదటి జీతం నుంచే కొంత పక్కన పెట్టండి.

ఇక చెప్పడం. మన పిల్లలకు ఎక్కడ తడబాటు వస్తుందో మీకు ముందే తెలిసి ఉండాలి. తెలుగులో క్రియ చివర వస్తుంది, అందుకే 'ఐ రైస్ ఈట్' అంటారు. ఎ, యాన్, ద లాంటివి మన భాషలో లేవు, కాబట్టి వదిలేస్తారు. 'జీరో'లో రావాల్సిన శబ్దమూ 'జస్ట్'లో శబ్దమూ ఒకటే అయిపోతుంది. 'మేము', 'మనం' అని మనకు రెండు మాటలుంటే వాళ్లకు 'వియ్' ఒక్కటే, ఇది చెప్తే పిల్లలు నవ్వుకుంటూ గుర్తుపెట్టుకుంటారు. నారాయణపేట, మక్తల్ వైపు కొందరి ఇళ్లలో కన్నడ, మరాఠీ మాట్లాడతారు, ఆ పిల్లలకు ఇంగ్లీష్ మూడోదో నాలుగోదో అవుతుంది, వాళ్లతో ఇంకొంచెం ఓపిక పట్టండి. తెలుగులో అర్థం చెప్పడం తప్పని ఎవరైనా అంటే పట్టించుకోకండి. 2022-23లో సర్కారు బడుల్లో ఇంగ్లీష్ మీడియం మొదలుపెట్టినప్పుడు పుస్తకాలే ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లీష్‌గా వేశారు. అర్థం తెలుగులో చెప్పి, మాట్లాడించడం మాత్రం ఇంగ్లీష్‌లోనే చేయించండి.

ఇంటర్‌లో 2023-24 నుంచి ఇంగ్లీష్‌కు 20 మార్కుల ప్రాక్టికల్స్ వచ్చాయి. పిల్లలతో మాట్లాడించగల లెక్చరర్ అవసరం దీంతో పెరిగింది, ఇంటర్వ్యూలో ఆ మాట మీరే ఎత్తండి, డెమోలో గ్రామర్ బదులు మాట్లాడించే క్లాసు చేసి చూపించండి.

విదేశాలకు పోయేవాళ్లు రాసే ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీష్ పరీక్ష కోచింగ్‌లో డబ్బు ఉంది కానీ అది వీసాలను బట్టి ఊగుతుంది. 2024 జనవరిలో కెనడా స్టూడెంట్ పర్మిట్లకు పరిమితి పెట్టాక నా బ్యాచ్ సగానికి పడిపోయింది. దాని మీదే ఇల్లు నడపాలనుకోకండి.

నిలకడగా నడిచేది సాయంత్రం స్పోకెన్ బ్యాచే. నేను ఆరుగురితో ఇంటి ముందు గదిలో మొదలుపెట్టాను. పదిహేను మందికి మించి తీసుకోకండి, ఎక్కువైతే వెనక కూర్చున్నవాళ్లు నోరు తెరవరు. జడ్చర్ల పోలేపల్లి ఫార్మా కంపెనీల్లో చేసేవాళ్లకు, బ్యాంకు పరీక్షలు రాసేవాళ్లకు కావాల్సిన మాటలు వేరువేరు, అందుకే మొదటిరోజు పాఠం చెప్పకుండా ఏ పని మీద ఎవరితో ఇంగ్లీష్ మాట్లాడాల్సి వస్తుందో ఒక్కొక్కరినీ అడిగి రాసుకోండి, సెలవు అడగడం, షిఫ్ట్ మార్చమనడం, మెషీన్ ఆగిపోయిందని సూపర్‌వైజర్‌కు చెప్పడం లాంటివే మొదటి వారం పాఠాలవుతాయి. అదే రోజు ప్రతి ఒక్కరితో రెండు నిమిషాలు మాట్లాడించి వాళ్ల ఫోన్‌లోనే రికార్డు చేయించండి, నలభై ఐదో రోజు మళ్లీ చేయించి రెండూ పక్కపక్కన వినిపించండి. తర్వాతి బ్యాచ్‌కు తమ్ముళ్లను, చెల్లెళ్లను వాళ్లే తీసుకొస్తారు.